‘లేదు’ మీద ప్లాస్టరు

మా బావ పిరికివాడని టాక్సీ స్టాండులో అందరూ అంటారు. అది చాలా తక్కువ మాట. భయమనేది పుట్టగానే నేరుగా మా బావ దగ్గరికొచ్చి ‘నన్ను కాస్త పెంచి పెద్ద చెయ్యండి’ అని చేరిపోయిందని నా నమ్మకం. కారు కడుగుతున్నప్పుడు కూడా లోపల సీటుబెల్టు పెట్టుకుని కూర్చునే డ్రైవరు భూమ్మీద ఆయనొక్కడే. నీడ అడ్డమొస్తే హారన్ కొడతాడు, అది తన కారు నీడే అయినా సరే. ఒకసారి ఎదురుగా రోడ్డు రోలరు వస్తోందని బండి పక్కకు తీసి ఆపాడు. అది వచ్చి మమ్మల్ని దాటేసరికి వెనక సీట్లోని ప్రయాణికుడికి గడ్డం పెరిగింది. నమ్మకపోతే ఆయన్నే అడగండి, ఇప్పటికీ ఆ గడ్డంతోనే తిరుగుతున్నాడు.

నేను ఆయన బామ్మర్దిని. స్టాండులో కార్లు కడుగుతాను. నేను తుడిచిన అద్దం కనపడక పిచ్చుకలు గుద్దుకుంటాయి. బడి తొమ్మిదో తరగతిలోనే మానేశాను, చదువు రాక కాదు, వచ్చింది చాలనిపించి. బావ మాత్రం బడి దాటాడు గానీ వాళ్ళమ్మ పెట్టిన బడి ఈ రోజుకీ దాటలేదు.

ఆవిడ బతికినన్నాళ్ళూ ‘లేదు’ అనే మాట నోట పలకనివ్వలేదు. ఉప్పు అయిపోతే ‘నిండుకుంది’ అనాలి. దీపం ఆరితే ‘కొండెక్కింది’ అనాలి. గడప దాటేటప్పుడు ‘వెళ్తున్నా’ అంటే వీపు విమానం మోత మోగేది, ‘వెళ్ళొస్తా’ అనాల్సిందే. పైన తథాస్తు అనేవాళ్ళు చెవులు రిక్కించి కూర్చుని ఉంటారట. మనం లేదంటే లేకుండా చేసేస్తారట. ఆవిడ పోయినా ఆ చెవులు మాత్రం బావ కారు మీదే వాలి ఉన్నాయి. ఎవరైనా ఎక్కి “ఏసీ లేదా?” అంటే, “విశ్రాంతి తీసుకుంటోందండీ” అంటాడు. పెట్రోలు అడుగంటితే బండికి దాహమేస్తోందంటాడు.

అలాంటి మనిషి కారులోకి ఆ పెట్టె వచ్చిపడింది.

మీకూ తెలిసే ఉంటుంది. అద్దం కింద అతికించుకునే దారి చూపే పెట్టె. ఏ కారు ఎక్కడుందో, ఎంత వేగంగా పోతోందో ఒక పెట్టె మిగతా పెట్టెలన్నిటికీ చెబుతూ ఉంటుంది. కార్లు నత్తల్లా పాకితే ఆ రోడ్డు స్క్రీను మీద ఎర్రబడుతుంది, పరుగెడితే పచ్చబడుతుంది. ముందు పోయినవాడు గుంత చూసి మీట నొక్కితే వెనక వచ్చేవాళ్ళకు అక్కడ పసుపు ముక్కోణం కనిపిస్తుంది. లోపల ఒకావిడ గొంతు, “కుడికి తిరగండి, ఎడమకు తిరగండి” అంటుంది. మొదటిసారి విన్నప్పుడు మా అక్క మూతి మూడు వంకర్లు తిప్పింది. “నేను నోరు తెరిస్తే వినని మనిషి, దాని మాటకి మాత్రం తలాడిస్తున్నాడు” అంది. అప్పట్నుంచి నేను పెట్టెను చిన్నక్క అంటాను.

ముక్కోణం దగ్గరికి వెళ్ళగానే చిన్నక్క అడుగుతుంది, “అడ్డంకి ఇంకా ఉందా?” అని. స్క్రీను కింద ఎడమ మూల ‘ఉంది’, కుడి మూల ‘లేదు’. పదిమంది ‘లేదు’ అంటే ముక్కోణం మాయమవుతుంది. మా బావ వేలు కుడి మూలకు పోదు కదా! పొరపాటున కూడా పోకూడదని, మందుల పెట్టెలోంచి గాయానికి వేసే ప్లాస్టరు ముక్క తెచ్చి ‘లేదు’ మీద అతికించాడు. ఇక ప్రతి ప్రశ్నకూ ‘ఉంది’. ఎప్పుడో పూడ్చిన గుంత ఉంది. ఎప్పుడో లేచి వెళ్ళిపోయిన కుక్క ఉంది. ఒకచోట గుంత పూడ్చి, దాని పక్కన ఇల్లు కట్టి, ఆ ఇంట్లో పిల్లలు పుట్టి బడికి పోతున్నా మా బావ లెక్కలో ఆ గుంత ఉంది. దాంతో స్టాండులో ఆయనకు ‘ఉందిగారు’ అని పేరు పడింది. పెట్టె కూడా తక్కువది కాదు. ఎవడి మాట పదిమంది మాటతో కలవదో వాడి మాటకు తూకం తగ్గిస్తుంది. అలా తగ్గిస్తూ తగ్గిస్తూ మా బావ ‘ఉంది’ని దూదిపింజ చేసేసింది.

ఇంత పిరికి మనిషికి పుట్టిన పిల్ల మాత్రం నా పోలిక. బిస్కట్ల ఫ్యాక్టరీ వాళ్ళ వ్యాను నడుపుతుంది. సాయంత్రం పని దిగిన ఆడవాళ్ళను ఇళ్ళ దగ్గర దింపే డ్యూటీ. పెట్టెలో ఆమె పెట్టుకున్న పేరు ‘బుల్లెట్’. ఆ పేరుతో ఒక నీలం చుక్క బావ స్క్రీను మీద ఎప్పుడూ కదులుతుంటుంది. బావ తన ముందున్న రోడ్డు కంటే ఆ చుక్కనే ఎక్కువ చూస్తాడు. ఆమెకు డ్రైవింగ్ నేర్పినప్పుడు ఆయన పెట్టిన నియమం ఒకటే. “స్టీరింగు మీద చెయ్యి ఉండగా ఫోను మోగితే అది నీ ఫోను కాదు. నేనే చేసినా సరే, ఎత్తకు.” ఆమె తండ్రి మాట విన్నది ఆ ఒక్క విషయంలోనే.

ఆ రోజు తెల్లారినప్పట్నుంచీ వాన. ఒకాయన్ని దింపి నేనూ బావా కాలువ గట్టు రోడ్డు మీదుగా వెనక్కి వస్తున్నాం. పంపుహౌసు దాటగానే బావ వేగం తగ్గించాడు. తగ్గించడానికి వేగమంటూ ఉంటే కదా అనకండి, ఉన్నదాంట్లోనే తగ్గించాడు.

“విన్నావా?” అన్నాడు.

“ఏంటి?”

“చక్రం కింద రోడ్డు ‘డబ్’మంది. ఖాళీ డబ్బా మీద నడిచినట్టు.”

“నీ గుండె అయ్యుంటుంది బావా. దానికీ వానకీ పడదు.”

ఆయన బండి ఆపాడు. గొడుగు కూడా తీసుకోకుండా దిగాడు. రోడ్డు మీద మడమతో కొట్టి చూశాడు, నాలుగడుగులు వేసి మళ్ళీ కొట్టాడు. తర్వాత అంచున బోర్లా పడుకుని గట్టు కిందికి తొంగి చూశాడు. నేనూ చూశాను. పైన తారు నున్నగా ఉంది, అప్పుడే గడ్డం గీసిన చెంపలా ఉంది. కింద మాత్రం కాలువ నీళ్ళు గట్టులోకి దూరుతున్నాయి. బొరియలోకి పాము పోయినట్టు నెమ్మదిగా, చప్పుడు చేయకుండా.

“లోపలికి పోతున్నాయి. ఎక్కడ తేలుతున్నాయో ఆ పైవాడికే తెలియాలి” అన్నాడు బావ. ఆ గొంతు విన్నాక నాకు హాస్యం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన మీట నొక్కి ముక్కోణం పెట్టాడు. మేం స్టాండుకు చేరేలోపే అది మాయమైంది. వెనక వచ్చినవాళ్ళు చూశారు, రోడ్డు అద్దంలా ఉంది, ‘లేదు’ అని నొక్కి పోయారు. వాళ్ళ తప్పేం ఉంది? చూస్తే కనపడే భయమైతే కళ్ళున్నవాళ్ళందరికీ కనపడేది.

బావ రోడ్ల ఆఫీసుకు ఫోను చేశాడు. అవతల ఒకమ్మాయి.

“మీరొక్కరే ఉందన్నారండీ. తర్వాత వచ్చినవాళ్ళంతా లేదన్నారు. మెజారిటీ లేదనే ఉంది.”

“ఆ మెజారిటీ కాళ్ళ కింద మట్టి కరిగిపోతోందమ్మా!”

“రేపు పొద్దున మనిషిని పంపుతాం సార్. ఈ వానలో ఎవరొస్తారు చెప్పండి?”

స్టాండులో మీసాలాయన, అందరికంటే పాత డ్రైవరు, టీ గ్లాసుతో దగ్గరికొచ్చాడు. “ఏం ఉందిగారూ, గట్టు కింద బొరియ ఉందటగా? దాంట్లో మొన్న మీరు ఉందన్న కుక్కే కాపురం పెట్టిందేమో చూశారా?” అందరూ ఘొల్లుమన్నారు. మామూలుగా అయితే అందరికంటే ముందు నవ్వేది నేనే. ఆ రోజు పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. చలికి.

పొద్దు వాలుతుండగా హైవే మీద ఏదో లారీ అడ్డం తిరిగిందట. చూస్తుండగానే స్క్రీను మీద హైవే అంతా కొస నుంచి కొస దాకా ఎర్రగా కాలింది. దాని పక్కన కాలువ గట్టు రోడ్డు పచ్చగా, చల్లగా, రమ్మన్నట్టుంది. చిన్నక్క తియ్యగా చెప్పింది, “వేగవంతమైన మార్గం దొరికింది.” ఆ మాట మా ఒక్క పెట్టెకే కాదు, హైవే ఎక్కబోయే ప్రతి పెట్టెకూ చెబుతోంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర నీలం చుక్క కదిలింది. బుల్లెట్.

బావ ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాడు. “ఎత్తమ్మా, ఈ ఒక్కసారికి ఎత్తు” అన్నాడు. ఆమె ఎత్తదు. ఎత్తకూడదని చెప్పిన మనిషే ఇప్పుడు ఎత్తమని బతిమాలుతున్నాడు. కారు తీశాడు. నేనూ ఎక్కాను. నాకు భయమా? నా కాళ్ళు రెండూ దిగిపోదామన్నాయి, నేనే ఒప్పుకోలేదు.

ఫ్యాక్టరీ వైపు నుంచి గట్టు రోడ్డు ఎక్కే మలుపు అవతలి కొసన ఉంది. మేం ఇవతలి కొసన. మధ్యలో పంపుహౌసు, ఆ బోలు నేల. ఆమెను ఆపాలంటే దాని మీదుగానే పోవాలి. ఆ దారిలో బావ వేగం చూసి నేను మొదటిసారి సీటుబెల్టు నా అంతట నేను పెట్టుకున్నాను.

పంపుహౌసు దాటి ఆపాడు. మళ్ళీ ముక్కోణం పెట్టాడు. ఎదురుగా ఒక కారు వస్తోంది. బావ లైట్లు ఆర్పి వెలిగించాడు, అద్దం దించి చెయ్యి ఊపాడు. ఆ కారువాడు మమ్మల్ని పిచ్చివాళ్ళనుకున్నాడో, దొంగలనుకున్నాడో గానీ వేగం పెంచి పక్క నుంచి దూసుకుపోయాడు. వాడి బండి కింద రోడ్డు ‘డబ్’మంది. ఈసారి నేనూ విన్నాను. ఆ వెంటనే మా కళ్ళ ముందే ముక్కోణం ఆరిపోయింది. పోతూ పోతూ ‘లేదు’ నొక్కి పోయాడన్నమాట. బావ మాట దూదిపింజ కదా, ఎగరగొట్టడానికి ఒక్క ‘లేదు’ చాలు. చిన్న కారు కాబట్టి బతికిపోయాడు. వెనక వచ్చేది నిండు వ్యాను.

నీలం చుక్క మలుపు వైపు జరుగుతోంది. ఎదురెళ్ళి చెయ్యూపినా ఈ వానలో అదీ ఆగుతుందన్న నమ్మకం లేదు.

పెట్టెలో ఇంకో మీట ఉంది. ముక్కోణాలన్నిటికీ తాత. ‘దారి లేదు’. దాన్ని నొక్కితే వెనకాముందూ ఎవర్నీ అడగకుండా పెట్టె ముందు దారి మూసేసి, ఆ తర్వాతే విచారించుకుంటుంది. కాకపోతే బండి అక్కడ ఆగి ఉండాలి. పరుగెడుతున్న బండి ‘దారి లేదు’ అంటే ఎవడు నమ్ముతాడు? సరిగ్గా ఆ చోటే, ఆ బోలు నేల మీదే, నిలబడి చెప్పాలి. ఆ మీట కూడా స్క్రీనులో కుడి మూలన, ‘లేదు’ పక్కనే ఉంటుంది. ప్లాస్టరు కింద.

“బావా, అది నొక్కు” అన్నాను.

బావ కారును వెనక్కి, ఆ బోలు నేల మీదికి, తెచ్చి నిలిపాడు. అది చేయగలిగాడు. చెయ్యి మాత్రం గాల్లో ఆగిపోయింది.

“పిల్ల వచ్చే దారిరా అది” అన్నాడు. “దాని దారిని నా వేలితో...”

కింద కాలువ, పైన వాన, కాళ్ళ కింద గాలి. వాటికి లేని భయం ఆ రెండక్షరాలకు! ఇంకెప్పుడైనా అయితే దీని మీద ఆర్నెల్లు నవ్వుకునేవాణ్ణి.

“పోనీ నేను నొక్కుతా, జరుగు.”

నా మణికట్టు పట్టుకున్నాడు. “వద్దు. తండ్రిని నేను. ఆ మాట పడితే నామీదే పడాలి.”

ప్లాస్టరు గోటితో గీకాడు. ఎన్నాళ్ళ ఎండకో అంటుకుపోయిన ప్లాస్టరు ఊడదే! నేనూ గీకాను. సగం ఊడింది. నొక్కాడు. చిన్నక్క మేలుకుంది.

“దారి మూసివేయాలా? ఖాయమైతే, దారి లేదు అని పైకి చెప్పండి.”

బావ పెదాలు కదిలాయి.

“క్షమించండి. వినబడలేదు.”

మళ్ళీ కదిలాయి. ఏదో గాలి వచ్చింది.

“క్షమించండి. వినబడలేదు.”

కారు వెనక భాగం కాస్త కిందికి ఊగింది, ఎవరో పెద్దమనిషి వచ్చి డిక్కీ మీద కూర్చున్నట్టు. నేను అరిచాననుకుంటాను. బావ అంతకంటే పెద్దగా అరిచాడు.

“లేదు! దారి లేదు! లేదమ్మా, ఇక్కడ దారి లేదు! లేదు!”

పుట్టినప్పట్నుంచి దాచుకున్న లేదులన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. స్క్రీను మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. వానలో సిగ్నలు కదా, తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. ‘పంపుతోంది, వేచి ఉండండి’ అని రాసి ఉంది. మేం వేచి ఉన్నాం. వెనక చక్రాలు వేచి ఉండలేదు.

ముందు తలుపుల్లోంచి ఎలా బయటపడ్డామో నాకు తెలీదు. నేనే బావను లాగానని స్టాండులో చెబుతుంటాను, బావ కాదనడు. అవతలి వైపు గట్టి నేల మీద మోకాళ్ళ మీద పడ్డాం. వెనక్కి తిరిగేసరికి రోడ్డు కొరికేసిన రొట్టెలా ఉంది. కారు ముక్కు ఒక్కసారి ఆకాశంవైపు చూసి కిందికి జారింది. బావ ఫోనూ అందులోనే. నాది పొద్దున్నే తడిసి చచ్చింది. నీళ్ళలోంచి చిన్నక్క గొంతు వచ్చింది, “వీలైన చోట వెనక్కి తిరగండి” అని. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి, నేను విన్నాను.

ఆ తర్వాత అంతా వానే.

“పోయిందా?” అన్నాడు బావ.

“పోయింది బావా, కారు మొత్తం...”

“కారు కాదురా! కబురు! ఆ చక్రం ఆగిందా?”

నేను చూడలేదు. ఆయనా చూడలేదు. కబురు వెళ్ళిందో, కాలువలో కారుతోపాటు మునిగిందో చెప్పే దిక్కు లేదు. చీకటి పడుతున్న గట్టు మీద, వెనక గొయ్యి, ముందు మలుపు. పరుగెత్తాం. బావ పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. రెండు చేతులూ పైకెత్తి, “ఆపు, ఆపు” అంటూ, ఎదురుగా ఎవరూ రాకముందే.

దూరంగా మలుపులో రెండు లైట్లు వెలిగాయి. ఎత్తుగా, దూరం దూరంగా. వ్యాను లైట్లే. మావైపే వస్తున్నాయి. నేను అరుస్తున్నాను, ఆ అరుపు నా చెవికే వినపడటం లేదు. బావ రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. “ఆగకపోతే నన్ను గుద్దైనా ఆగాలి” అన్నాడు, నాతో కాదు.

లైట్లు వచ్చాయి, వచ్చాయి, ఆగాయి. మమ్మల్ని చూసి కాదు, మేం ఇంకా చాలా దూరంలో ఉన్నాం. కాసేపు అలాగే మిణుకుమన్నాయి. తర్వాత మెల్లగా పక్కకు తిరిగాయి. ఒక లైటు, తర్వాత ఏ లైటూ లేదు, తర్వాత రెండు ఎర్ర చుక్కలు. అవి చిన్నవై మలుపు తిరిగాయి.

అది ఆమేనా? ఇంకెవరి బండైనానా? ఆ ప్రశ్న మోసుకునే మలుపుదాకా నడిచాం, అక్కడ ఒక పాల లారీ ఎక్కాం. లారీవాడు ఏదో అడుగుతున్నాడు. బావ పళ్ళు టకటకలాడుతున్నాయి. దారంతా ఆయన నోట ఒకే మాట. “నోరారా అన్నానురా. నోరారా అన్నాను.”

ఇంటి తలుపు తీసింది బుల్లెట్టే. తల తుడుచుకునే తువ్వాలు భుజాన ఉంది.

“ఏంటి నాన్నా, ఇద్దరూ కాలువలో ఈదొచ్చినట్టున్నారు? మావయ్యా, నువ్వు కూడానా?”

బావ గడప మీదే కూర్చుండిపోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

“ఫోను చేశావుగా, దిగాక చూశాను. నడుపుతుంటే ఎత్తొద్దన్నది నువ్వేగా? అసలే ఆలస్యమైంది ఇవాళ. గట్టు రోడ్డు ఎక్కానో లేదో, వెనక్కి తిరగమంది పెట్టె. ఎవడో దారి లేదని పెట్టాడట. ఉత్తినే పెట్టి ఉంటాడు. వ్యాన్లో అందరూ నన్ను తిట్టారు, నేను వాణ్ణి తిట్టాను. ఈ ఊళ్ళో నీలాంటి పిరికివాడు ఇంకొకడున్నాడు నాన్నా!”

“ఉన్నాడులే” అన్నాడు బావ.

లోపల్నుంచి అక్క వచ్చింది. మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, మా భుజాల మీదుగా ఖాళీ వీధిలోకి చూసింది. “కారేదీ?” అంది.

బావ తడి చొక్కా అంచు పిండుకున్నాడు. ఒకసారి అలవాటైన మాటే కదా, అనేస్తాడనుకున్నాను.

“నిండుకుంది” అన్నాడు.

మర్నాడు స్టాండంతా గట్టు దగ్గరికి వెళ్ళి ఆ గొయ్యి చూసొచ్చింది. మీసాలాయన టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. తర్వాత ‘ఉందిగారు’ అని పిలిస్తే ఎవరికీ నవ్వు రాలేదు, అందుకని ఆ పేరు మానేశారు. రోడ్డు బాగుచేశారు. రాళ్ళు పేర్చారు, కాంక్రీటు పోశారు, ఏనుగు గంతులేసినా కదలదట. బావ ఇప్పుడు ఎవరిదో కారు నడుపుతున్నాడు. అందులో కొత్త పెట్టె. గట్టు మొదట్లోకి వెళ్ళినప్పుడల్లా అది అడుగుతుంది, “ఈ దారి ఇప్పుడు ఉందా?” అని.

బావ కారు తిప్పి హైవే మీదుగా పోతాడు. కొత్త పెట్టెకూ ప్లాస్టరు వేశాడు. ఈసారి ఎడమ మూల, ‘ఉంది’ మీద.

నేనంటారా? నాకేం భయం! ఆ రోడ్డు మీద దర్జాగా నడిచి పోతాను. పంపుహౌసు దగ్గర మాత్రం కాస్త ఆగి మడమతో రెండుసార్లు కొట్టి చూస్తాను. చెప్పు గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి కదా.